ఊదిన ఈల

మార్చి 3

ఈలత్తా,

వచ్చేసింది! మన ఫుట్‌బాల్ వీడియో గేము బయటికి వచ్చేసింది. నిన్న పొద్దున్న ఆఫీసులో అందరం ఒకే తెర ముందు గుంపుగా నిలబడ్డాం. మొదటి మనిషి ఎవరో ఎక్కడో ఆట తెరిచాడని తెలియగానే ఒకటే కేకలు. గడ్డి గీసే అమ్మాయి ఏడ్చేసింది కూడా. నవ్వకు, మా దగ్గర ఒకమ్మాయి పనంతా గడ్డే. వాన పడితే ఎలా పడుకుంటుంది, గోలు ముందు ఎంత అరుగుతుంది, ఎండకి ఏ మూల ముందు మాడుతుంది, ఇన్నేళ్ళూ ఆ పిల్ల అదే గీసింది.

పేరు గురించి మాత్రం నన్ను తిట్టకు. 'గోల్ గర్జన' అని పెట్టింది మా పెద్దసారు. నేను 'ఇరవై మూడో మనిషి' అని పెడదామన్నాను. మైదానంలో ఇరవై రెండు మంది ఆడుతుంటే ఈల పట్టుకున్న ఇరవై మూడో మనిషివి, రిఫరీవి, నువ్వే కదా. ఆయన నా వంక చూసి, "ఇదేమన్నా హత్య కథా తల్లీ?" అన్నాడు.

నువ్వు మా స్టూడియోకి వచ్చి, నీ కదలికలు కెమెరాలకి పట్టుబడేలా ఒంటినిండా తెల్ల చుక్కలున్న ఆ నల్ల బిగుతు బట్టలేసుకుని, "మశూచి పోసిన బల్లిలా ఉన్నానే" అన్నావు, గుర్తుందా? ఆ రోజు నువ్వు పరిగెత్తిన పరుగు, చెయ్యి చాపిన తీరు, కార్డు తీసే ముందు ముక్కు ఎగబీల్చడం, అన్నీ పొల్లుపోకుండా వచ్చాయి. అన్నిటికంటే లేసు బాగా వచ్చింది. నువ్వు ఈల ఊదగానే ఆటగాళ్ళు నీ మీదకి ఎగబడతారు. నువ్వు కిమ్మనకుండా వంగి, బూటు లేసు విప్పి, తీరిగ్గా మళ్ళీ కట్టుకుంటావు. వంగిన మనిషి మీద ఎంతసేపని అరుస్తారు? లేచేసరికి సగం వేడి చల్లారిపోతుంది. చిన్నప్పుడు గీత అవతల కూర్చుని నేను చూసిందంతా అందులో ఉంది.

వేరే ఫుట్‌బాల్ గేముల్లో రిఫరీ అంటే మనిషి కాదత్తా, మిషను. వాడికి అన్నీ కనబడతాయి, ఏనాడూ పొరబడడు. మన ఆటలో అలా కాదు. నువ్వు నిలబడ్డ చోటునుంచి నీ కళ్ళకి ఏది కనబడితే అదే లెక్క. మధ్యలో ఎవడైనా అడ్డొచ్చాడా, ఫౌలు కనబడదు. రీప్లే లేదు. ఊదితే ఊదినట్టే. దీనికోసం మా పెద్దసారుతో నేను పడ్డ తగువులు రాయాలంటే ఇంకో కట్ట కాగితాలు కావాలి.

ఇంతవరకూ వచ్చినవన్నీ మంచి మాటలే. ముఖ్యంగా నిన్ను అందరూ తెగ ఇష్టపడుతున్నారు.

ఫోన్ చేసి అరవాలని ఉంది గానీ, "సగం విని తీర్పు చెప్పడం నా వల్ల కాదు, ఏదైనా ఉంటే కాగితం మీద పెట్టు" అంటావుగా. పెట్టాను. నీ దగ్గర గేము ఆడే మిషను లేదు కాబట్టి కింద వాటా ఎలక్ట్రీషియన్ని పట్టుకో. చూసి రాయి. అబద్ధాలు వద్దు.

నీ మిడత


మార్చి 11

మిడతా,

ఉత్తరం అందింది. నీ రాత ఇంకా కోడి కెలికినట్టే ఉంది. ఇంత పెద్ద చదువు చదివి గేములు చేస్తావు, 'ళ' రాయడం ఎప్పుడు నేర్చుకుంటావే?

ఎలక్ట్రీషియన్ని నేను పట్టుకోనక్కర్లేకపోయింది. నువ్వు చెప్పకముందే కొనేశాడు. ఆదివారం మధ్యాహ్నం పైన దుప్పటి ఆరేసుకుంటుంటే కింద నుంచి ఒకటే అరుపులు. "దీనికి కళ్ళు దొబ్బాయా! ఎదురుగా పడేస్తే కనబళ్ళేదా! ఎవత్తె ఈవిడకి ఈల ఇచ్చింది!" అని. ఒక్క క్షణం నా వయసు ఎటో పోయిందనుకో. దుప్పటి కింద బురదలోకి జారవిడిచి, అలవాటు కొద్దీ మెళ్ళో ఈల కోసం తడుముకున్నాను.

మెట్లు దిగి వెళ్ళాను. నన్ను చూసి ఆ మహానుభావుడు దిగ్గున లేచాడు. "మిమ్మల్ని కాదు మేడమ్, ఆవిణ్ణి," అని టీవీ వంక వేలు చూపించాడు. టీవీలో ఆవిడ ముక్కు ఎగబీల్చి పసుపు కార్డు తీస్తోంది. ఆవిడ వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్ళీ టీవీ వంక చూశాడు. వాళ్ళావిడ నర్సు, అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతోంది. నవ్వి నవ్వి టీ అంతా ఒంటి మీద ఒలకబోసుకుంది.

కూర్చుని చూశాను. పరుగు నాదే. చెయ్యి నాదే. లేసు చూసినప్పుడు మాత్రం నా చెయ్యి దానంతటదే కాలి దగ్గరికి పోయింది, ఆ సంగతి ఎవరికీ చెప్పకు. నడుం మాత్రం నాది కాదు. అంత లావు పెట్టినందుకు నువ్వొచ్చినప్పుడు నీ సంగతి చెప్తాను.

ఇక అందరూ నన్ను ఇష్టపడుతున్నారన్నావు. అయితే ఎక్కడో తప్పు చేశావన్నమాట. పుట్టి బుద్ధెరిగాక రిఫరీని ఇష్టపడే జనాన్ని నేను చూళ్ళేదు. మీ నాన్న ఎవరు? నా సొంత తమ్ముడు. వాడికి ఎర్ర కార్డు చూపిస్తే చాన్నాళ్ళు నాతో మాట మానేశాడు. ఒకే ఇంట్లో ఉంటూ, "అక్కని ఉప్పు ఇటు జరపమను" అని మా అమ్మ చేత కబురు పెట్టేవాడు. అదే కార్డు ఇంకొకడికి చూపించి ఉంటే చప్పట్లు కొట్టేవాడు. కాబట్టి నాకు నిజం రాయి. జనం ఏమంటున్నారు? తిట్లు అచ్చంగా రాయి, చుక్కలు పెట్టి దాచకు.

మీ అత్త


మార్చి 20

అత్తా,

సరే, దొరికిపోయాను. నిజం రాస్తున్నాను. గట్టిగా కూర్చో.

ఆట మొత్తానికి పదికి మూడు మార్కులు వేశారు. తిట్లన్నీ నీకే. గుడ్డి గుమ్మటం. లేసత్త. ఎముకలున్న ఎర్ర కార్డు. నువ్వు లేసు కట్టుకునే బొమ్మని కోసి, వెనకాల జోలపాట పెట్టి ఊరూరా తిప్పుతున్నారు. ఎవరైనా ఏ పనిలోనైనా ఆలస్యం చేస్తే, "లేసు కట్టుకుంటున్నావా?" అని అడగడం ఫ్యాషనైపోయింది. మా వీధి చివర మందుల షాపులో కూడా విన్నాను, చిల్లర వెతుక్కుంటున్నవాణ్ణి పట్టుకుని అంటున్నారు. ఒక పెద్ద పత్రికలో రాసినాయన అయితే, "ఈ ఆటలో గడ్డి అద్భుతం. ఆ రిఫరీని ఆ గడ్డిలోనే పాతిపెట్టాలి" అన్నాడు. గడ్డి గీసే అమ్మాయి మొదటి వాక్యం వరకు కత్తిరించి తన బల్ల మీద అంటించుకుంది. రెండో వాక్యం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. స్నేహమంటే అది!

మా పెద్దసారుకి ముచ్చెమటలు పట్టాయి. రీప్లే పెట్టాల్సిందేనన్నాడు. ఫౌలు జరిగితే ఆట ఆగి, నాలుగు వైపుల నుంచి బొమ్మ చూపించి, రిఫరీ తప్పైతే దిద్దేయాలట. అమ్మేవాళ్ళు, లెక్కలవాళ్ళు, అందరూ ఆయన పక్కే. నేనొక్కదాన్నే ఇటు. "రీప్లే పెడితే నా పేరు తీసేయండి" అని బల్ల గుద్ది మరీ చెప్పాను. చెయ్యి ఇంకా నొప్పిగానే ఉంది. ఆఖరికి గెలిచాను అత్తా! రీప్లే లేదు. రాదు కూడా.

దానికి బదులు ఒక చిన్న బటన్‌కి ఒప్పుకున్నాను. నువ్వు లేసు కట్టుకుంటున్నంతసేపూ ఆటగాళ్ళు చుట్టూ మూగి అరుస్తారు కదా. అప్పుడు ఆ బటన్ టకటకా నొక్కితే నిరసన అన్నమాట. బాగా గట్టిగా నొక్కినవాళ్ళకి ఒక్కోసారి నిర్ణయం మారుతుంది. ఒక్కోసారే. మిగతాదంతా ఎలా ఉందో అలాగే ఉంది, లేసుతో సహా. జనానికి చేతులకి ఏదో పని దొరికింది, నోళ్ళు కాస్త మూతపడ్డాయి. మార్కులు కూడా మెల్లగా లేస్తున్నాయి. పాము చావలేదు, కర్రా విరగలేదు.

తిట్లకి నీకు బాధగా ఉందా? ఉంటే చెప్పు.

నీ మిడత


మార్చి 27

నన్ను ఆ ఆటలోంచి తీసేయ్. వెంటనే. ఇంకేమీ రాయను.

మీ అత్త


ఏప్రిల్ 4

అత్తా,

నీ ఉత్తరం తెరిచి, వెనక్కి తిప్పి చూసి, కవర్లో ఇంకేమైనా ఉందేమోనని దులిపాను. ఏమీ లేదు. నాన్నకి ఫోన్ చేస్తే, "అక్క అంత చిన్న ఉత్తరం రాసిందా? జ్వరమేమైనా తగిలిందా?" అన్నాడు.

తప్పు నాదే. తిట్లు అచ్చంగా రాయమన్నావు కదా అని రాసేశాను. చదవడం వేరు, పడటం వేరు అని తోచలేదు. నువ్వు మైదానంలో పడ్డ తిట్లు ఆట అయిపోగానే ఇంటికి పోయేవి. ఇవి పోవు. ఇంటింటా తెర మీద నిన్ను కూర్చోబెట్టి తిడుతున్నారు. కింద వాటాలో కూడా తిడుతున్నారు. నాకు అర్థమైంది.

కానీ అత్తా, ఇవాళ నిన్ను తీసేస్తే వాళ్ళు గెలిచినట్టు కదా? నేనిక్కడ ఒక్కొక్కడికీ జవాబు చెప్తున్నాను. 'ఆడవాళ్ళకి ఆఫ్‌సైడు తెలుసా' అని రాసినవాడికి, 'నీకు తెలిస్తే అంతసేపు అక్కడ ఎందుకు నిలబడ్డావురా' అని రాశాను. గడ్డి అమ్మాయి కూడా నా తరఫున వీధికెక్కింది. నువ్వే వెనక్కి తగ్గితే నేనెవరి కోసం కొట్లాడాలి?

ఒక్క మాట రాస్తాను, కోప్పడకు. మైదానంలో నీ ఒక చెవికి వినికిడి పోయిన రోజు గురించి నువ్వెప్పుడూ నవ్వుతూనే చెప్పావు. ఆ రోజు నుంచి నీ లోపల భయం ఉండిపోయిందేమో, జనం అరుపులు మళ్ళీ వినేసరికి అది లేచిందేమో అనిపిస్తోంది. అలాగైతే తీసేస్తాను. మా పెద్దసారు ఎగిరి గంతేస్తాడు కూడా. కానీ నువ్వు భయపడతావని మాత్రం నేనెప్పుడూ అనుకోలేదు.

మిడత


ఏప్రిల్ 10

కంప్యూటరమ్మగారికి,

భయమా? ఎవరికే భయం? ఎదురుగా ఉంటే నీ చెవి మెలేసి ఉండేదాన్ని. దూరంగా ఉండి బతికిపోయావు. ఇంకేమీ రాయనన్నాను గానీ, నువ్వు నాకు భయమంటగట్టాక రాయకుండా ఉంటే నాకు అన్నం సయించదు. కాబట్టి చదువు. రెండుసార్లు చదువు.

తిట్లకి నేను ఉత్తరం రాస్తానా? తిట్లు నాకు కూడూ గుడ్డా లాంటివి. 'ఎముకలున్న ఎర్ర కార్డు' అన్నవాడెవడో వాడిలో సరుకుంది, నా తరఫున వాడికి శభాష్ చెప్పు.

నిరసన బటన్ వచ్చిన రోజు ఎలక్ట్రీషియన్ పైకొచ్చి తలుపు కొట్టాడు. మొహం వెలిగిపోతోంది. "మేడమ్, రండి రండి, మీరు ఇప్పుడు చాలా మంచివారైపోయారు. చెప్తే వింటున్నారు," అన్నాడు. పాపం, నన్ను సంతోషపెడదామనే పిలిచాడు. వెళ్ళాను. వాడి గోలు ముందు ఫౌలు. తెర మీది నేను ఈల ఊదాను, చెయ్యి పెనాల్టీ చుక్క వైపు చూపించాను. బాగుంది. అందరూ మూగారు. నేను వంగాను. లేసు విప్పాను. వాడు ఆ బటన్ని వడ్రంగిపిట్టలా పొడుస్తున్నాడు. లేసు కట్టుకుని లేచాను. లేచి, ఒసేయ్, తల ఊపి, చాపిన చెయ్యి దించేసి, పెనాల్టీ లేదన్నాను!

ఆ చెయ్యి నాది. ఆ నడక నాది. ఆ తల ఊపు కూడా నాదే, గుర్తుపట్టాను. మీ స్టూడియోలో ఎవరో నాకు టీ ఇచ్చి, బాగుందా అండీ అనడిగితే ఊపిన ఊపు. టీకి ఊపిన తలని తెచ్చి తీర్పుకి అతికించారు! ఎవరే ఆ పని చేసింది?

చెవి సంగతి నవ్వుతూ చెప్పానన్నావు. ఈసారి నవ్వకుండా చెప్తాను. అది ఫైనలు. ఆ ఊరి జట్టు మీద, ఆ ఊరి జనం ముందు, ఆట ఇక అయిపోతుందనగా పెనాల్టీ ఇచ్చాను. కంచె తోసుకుని జనం లోపలికొచ్చారు. నేను ఎప్పట్లాగే వంగి లేసు విప్పాను. అప్పుడే ఎవడో టపాకాయ విసిరాడు. నిలబడి ఉంటే కాలి దగ్గర పేలేది. వంగి ఉన్నాను కాబట్టి చెవి పక్కన పేలింది. ఇది నీకెప్పుడూ చెప్పలేదు. చెప్తే ఆ లేసు చూసినప్పుడల్లా నీకు చెవే గుర్తొస్తుందని.

ఆ తర్వాతేమైందో అది కూడా విను. ముడి సగంలో ఉంది. పూర్తిగా వేశాను. లేచాను. ప్రపంచంలో చప్పుడన్నది లేదు. అందరి నోళ్ళూ తెరుచుకుని ఉన్నాయి, ఒక్క మాటా వినబడటం లేదు. నా చెయ్యి మళ్ళీ ఆ చుక్క వైపే చాపాను. బంతి అక్కడ పెట్టించాను, పెనాల్టీ కొట్టించాను. ఆ కొట్టినవాడు దాన్ని ఆకాశంలోకి తన్నాడు, అది వాడి ఖర్మ.

అది పెనాల్టీయేనా అని మీ నాన్న ఇప్పటికీ అడుగుతాడు. నేను చూశాను, ఊదాను. రిఫరీ పొరబడదని నేననను. నేనూ మనిషినే, నువ్వే రాశావుగా, ఎవడైనా అడ్డొస్తే కనబడదని. అది నాకు నచ్చింది. కానీ మిడతా, ఆ రోజు అవతలి జట్టువాళ్ళు ఊరుగాని ఊరొచ్చారు. వాళ్ళ తరఫున అరవడానికి అక్కడ ఒక్క పురుగు లేదు. వాళ్ళకంటూ ఉన్నది నా ఈల ఒక్కటే. ఎవడు గట్టిగా అరిస్తే వాడిదే న్యాయమైతే, మెత్తగా మాట్లాడేవాడు ఎక్కడికి పోవాలి?

తిట్టించు. గుడ్డిదాన్నని ఊరూరా చాటించు. నడుం ఇంకో మూర లావు చెయ్యి. కానీ ఊదిన ఈల నా చేత వెనక్కి తీయించకు. ఒక చెవి ఇచ్చుకున్నానే దానికి! ఆ బటనైనా తీసెయ్, నన్నైనా తీసెయ్. రెండూ ఒకచోట ఉండటానికి వీల్లేదు.

పాము చావలేదు, కర్రా విరగలేదు అని మురిసిపోయావు. కర్ర విరగ్గొట్టింది నువ్వే.

మీ అత్త


ఏప్రిల్ 22

అత్తా,

రెండుసార్లు చదవమన్నావు. లెక్కపెట్టలేనన్నిసార్లు చదివాను. టీకి ఊపిన తలని అతికించింది నేనే. 'ఒక్కోసారే కదా' అనుకుంటూ అతికించాను. నీకు భయమని రాశాను చూడు, ఆ భయం నాదని ఇప్పుడు తెలిసింది. ఇక క్షమాపణలు వద్దు, జరిగింది చెప్తాను.

నీ ఉత్తరం అందిన మర్నాడే పెద్దసారు గదికెళ్ళి, బటన్ తీసేస్తున్నానన్నాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు గానీ కుర్చీయే ఆయనతో పాటు ఇటు తిరిగింది. "మార్కులు ఇప్పుడిప్పుడే పైకొస్తుంటే తీసేస్తావా? నీకేమన్నా మతి పోయిందా?" అన్నాడు. అమ్మేవాళ్ళని పిలిచాడు. లెక్కలాయన్ని పిలిచాడు. బొమ్మలకి రంగులేసే అతను పిలవకపోయినా వచ్చాడు. ఆ గది ఎంతుంటుందో నువ్వు చూశావు, గట్టిగా నలుగురు పట్టరు. అందరూ నా చుట్టూ చేరారు. ఒకరి మాట ఒకరు వినకుండా అరుస్తున్నారు. జనం అడిగింది ఇవ్వాలంటారు ఒకరు, నీ ఇంటి గొడవ ఆఫీసుకి తేకంటారు ఇంకొకరు, ఒక ముసలావిడ పౌరుషం కోసం ఇంతమంది నోట్లో మట్టి కొడతావా అంటారు మరొకరు.

ఏం చెయ్యాలో తోచక వంగాను, లేసు విప్పుదామని. వంగాక గానీ గుర్తు రాలేదు, నా కాళ్ళకున్నవి చెప్పులని! లేసు లేదు, పాడూ లేదు. కానీ వంగాక వెంటనే లేస్తే పరువు పోతుంది కదా? చెప్పుకి పక్కన చిన్న బకిలు ఉంటే దాన్ని విప్పాను. తీరిగ్గా మళ్ళీ పెట్టాను. రెండో కాలిది కూడా విప్పి పెట్టాను. పైన అరుపులు కాసేపు సాగాయి, తర్వాత పల్చబడ్డాయి, తర్వాత ఎవరో, "ఏమైంది ఈ అమ్మాయికి, కళ్ళు తిరిగాయా?" అన్నారు. నీ కిటుకు నిజంగా పనిచేసింది. వంగిన మనిషి మీద ఎక్కువసేపు అరవలేరు.

లేచాను. "బటన్ ఉండదు," అన్నాను. అంతే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"అయితే ఆవిణ్ణే తీసేద్దాం, మిషన్ రిఫరీని పెడదాం," అన్నాడు పెద్దసారు. "పెట్టండి. ఆవిడతో పాటు నేనూ పోతాను. ఆవిడ లోపలి ప్రోగ్రాం ముడులన్నీ నేను వేసినవి, ఎవరు విప్పుకుంటారో విప్పుకోండి," అన్నాను. అందరూ రంగులతని వంక చూశారు. అతను పైకప్పు వంక చూశాడు.

బటన్ పోయింది. టీ తల ఊపు కూడా పీకి పారేశాను. ఆ మర్నాడే మార్కులు బావిలో వేసిన రాయిలా పడ్డాయి. వచ్చే ఫుట్‌బాల్ ఆటలో నాకు చోటు లేదని చెప్పేశారు. పండ్లని వరుసలో పెట్టే ఆట ఒకటుంది, అందులో వేశారు. ద్రాక్ష పక్కన ద్రాక్ష, బత్తాయి పక్కన బత్తాయి. వెయ్యనీ. ఆ బత్తాయిలకి కూడా ఎప్పుడో ఒకప్పుడు రిఫరీ అవసరం రాకపోదు, అప్పుడు చెప్తాను వీళ్ళ పని.

నాకు ఏడుపొచ్చిన మాట నిజం. మెట్ల దగ్గర కూర్చుని ఏడ్చాను, గడ్డి అమ్మాయి పక్కన కూర్చుంది. కానీ వెనక్కి తీసుకోలేదు.

ఒక్క సంగతి రాసి ఆపేస్తాను. వచ్చిన తిట్ల మధ్యలో ఒకావిడ రాసింది. ఆవిడ వేళ్ళు వాతానికి వంకర్లు పోయాయట. టకటకా నొక్కలేకపోయేదట. ఆ బటన్ వచ్చినప్పటి నుంచి ఎవరితో ఆడినా తీర్పులన్నీ ఆవిడ మీదకే తిరిగి, విసుగొచ్చి మానేసిందట. "మళ్ళీ మొదలుపెట్టాను. నిన్న మీ గుడ్డి రిఫరీ నాకు ఘోరమైన అన్యాయం చేసింది. అవతలివాడికి కూడా చేసింది. ఇద్దరం కలిసి తిట్టుకున్నాం, చాలా బాగుంది," అని రాసింది. మెత్తగా మాట్లాడేవాళ్ళు ఎక్కడికి పోవాలి అన్నావు కదా. ఒకావిడ తిరిగొచ్చింది.

నీ మిడత


మే 1

నా మిడతా,

ఉత్తరం చదివి, మళ్ళీ మడిచి, కింద వాటా నర్సుకిచ్చి పైకి చదివించుకున్నాను. ఆ చెప్పుల దగ్గరికొచ్చేసరికి ఇద్దరం నవ్వు పట్టలేకపోయాం. తర్వాత ఆవిడ లోపలికెళ్ళాక నేనొక్కదాన్నే కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. దాచడం ఎందుకు, నా కడుపు నిండిపోయిందే.

మీ నాన్నొచ్చాడు మొన్న. విషయం చెప్తే, "పండ్ల ఆటలో పడేశారా? ఇద్దరికీ ఒకే తిక్క, మా వంశంలో ఆడవాళ్ళతో వేగలేం," అన్నాడు. అంటూనే నీ ఉత్తరం జేబులో పెట్టుకోబోయాడు. లాక్కున్నాను. ఇంతా అయ్యాక పోతూ పోతూ గుమ్మంలో నిలబడి, "అక్కా, ఇంతకీ అది పెనాల్టీయేనా?" అన్నాడు. చీపురు తీశాను.

ఎలక్ట్రీషియన్ మొహం మాడ్చుకుని వచ్చాడు. "మేడమ్, మీరు మళ్ళీ మాట వినడం మానేశారు," అన్నాడు. "నేనెప్పుడు విన్నాను నాయనా?" అన్నాను. కాసేపు తల గోక్కున్నాడు. "పోనీ, అవతలివాడు అరిచినా వినరు కదా?" అన్నాడు. విననన్నాను. ఆలోచించుకుంటూ మెట్లు దిగిపోయాడు. వాడికి కొంచెం కొంచెంగా ఎక్కుతోంది.

పండ్ల ఆటలో వేశారని కుంగిపోకు. నాకు ఆ ఫైనలు తర్వాత చిన్నపిల్లల మ్యాచిలే ఇచ్చేవారు. బంతి కంటే చిన్న పిల్లలు. అందులో కూడా ఊదాల్సిందంతా ఊదాను, ఒకడి తల్లి నన్ను గొడుగు పెట్టి కొట్టింది కూడా. బత్తాయిల దగ్గరైనా నీ ఈల నీ మెళ్ళోనే ఉంటుంది. అది గుర్తుంచుకో చాలు.

ఈ ఉత్తరంతో ఒక జత లేసులు పంపుతున్నాను. కవరు ఉబ్బెత్తుగా ఉందని పోస్టాఫీసాయన నొక్కి చూసి, "ఇదేంటమ్మా, పురుగులా?" అన్నాడు. నల్లవి, కాస్త వెలిశాయి. ఒకదాని కొస కాలి నల్లగా గట్టిపడి ఉంటుంది, అది టపాకాయ పని. అయినా ముడి బాగా పడుతుంది, నేను కట్టి చూసే పంపుతున్నాను. ఒక జత బూట్లు కొనుక్కుని వీటిని వేసుకో. చెప్పులేసుకుని ఇంకెప్పుడూ మీటింగుకి పోకు, సరేనా? ప్రతిసారీ బకిలు ఉండదు.

కింద మొదలుపెట్టాడు మళ్ళీ. నాకు కళ్ళు లేవట. నా వంశానికే లేవట. వెళ్ళి మెట్ల మీద కూర్చుని, ఉన్న చెవితో కాసేపు వినొస్తాను.

మీ ఈలత్త